5 తీగల బేస్ గిటార్‌కి మారాక లావు తీగ ఆగకుండా మోగుతోంది, ఎలా ఆపాలి?

గోదావరి_బేస్:
అందరికీ నమస్తే. రెండేళ్లుగా మా చర్చిలో ఆదివారం ఆరాధనకి 4 తీగల బేస్ వాయిస్తున్నాను, మూడు నెలల క్రితం 5 తీగలది కొన్నాను. ఇంట్లో చిన్న ఆంప్‌లో ఏ తేడా తెలియడం లేదు. చర్చిలో డీఐ బాక్స్ నుంచి మిక్సర్‌కి వెళ్లి సబ్‌వూఫర్లలోంచి వచ్చేసరికి మాత్రం, నేను నోటు ఆపేశాక కూడా వెనకాల గుమ్మ్‌మని ఒక శబ్దం నిలిచిపోతోంది. పోయిన వారం పాట అయిపోయి అందరూ మౌనంగా ప్రార్థనలోకి వెళ్తున్నప్పుడు కూడా అది అలాగే మోగుతూ ఉంది, నాకు చాలా బాధనిపించింది. ఈ (E) మేజర్ స్కేల్‌లో ఉన్న పాటలకి మరీ ఎక్కువ. బొటనవేలు ఎప్పుడూ పికప్ (తీగల కింద శబ్దాన్ని పట్టే అయస్కాంతాల ముక్క) మీదే పెట్టి వాయిస్తాను. బ్రిడ్జి (బాడీ మీద తీగలు బిగించే చోటు) దగ్గర స్పాంజి పెట్టాలా, నాయిస్ గేట్ (చిన్న శబ్దాల్ని కోసేసే పరికరం) కొనాలా, తీగలు మార్చాలా? ఏది ముందు చేయమంటారు?

లోఎండ్:
తమ్ముడూ, ఇప్పుడే ఏదీ కొనకు. జవాబు నువ్వు రాసినదాంట్లోనే ఉంది: ఈ (E) మేజర్, పికప్ మీద బొటనవేలు.

లావు నుంచి సన్నానికి నీ 5 తీగలు బీ (B), ఈ (E), ఏ (A), డీ (D), జీ (G). ఈ (E) మేజర్ పాటలో బీ నోటు మాటిమాటికీ వస్తుంది కదా. ఏ (A) తీగ మీద 2వ ఫ్రెట్‌లో వాయించే బీ దాదాపు 62 హెర్ట్జ్, నీ 5వ తీగ ఓపెన్ బీ దాదాపు 31. అంటే సరిగ్గా రెట్టింపు. అందుకే నువ్వు ముట్టుకోకపోయినా ఆ లావు తీగ తనంతట తానే కంపిస్తుంది. సితార్‌లో కింద ఉండే తరఫ్ తీగలు మోగేది ఇలాగే, అక్కడ అది కావాలని పెట్టుకున్నది, ఇక్కడ మనకి వద్దు. చిన్న ఆంప్ స్పీకర్ అంత కింది శబ్దాన్ని సరిగా పలికించలేదు కాబట్టి ఇంట్లో నీకు తెలియలేదు, అంతే. ఒకసారి పరీక్షించి చూడు: ఆ బీ గట్టిగా వాయించి, ఆ ఒక్క తీగనే ఆపి, చెవి బేస్ బాడీ పై కొమ్ముకి ఆనించు. లావు తీగ మోగుతూనే ఉంటుంది.

ఇక బొటనవేలు. 4 తీగలప్పుడు పికప్ మీద పెట్టినా ఎలాగోలా నడిచింది, 5 తీగలకి నడవదు. నువ్వు వాయించే తీగతో పాటు అది కూడా కదలాలి. ఏ (A) తీగ వాయిస్తుంటే బొటనవేలి కొస ఈ (E) తీగ మీద ఆనించి, వేలి పక్క భాగం బీ తీగకి తగిలేలా కొంచెం వాల్చు. జీ వాయించేటప్పుడు కొస ఏ (A) మీదకి వస్తుంది, ఈ (E), బీ రెండూ వేలి పక్క కింద అణిగి ఉంటాయి. మధ్యలో డీ మిగులుతుంది కదా, దాన్ని మీటే వేలే చూసుకుంటుంది: జీని మీటాక వేలు గాల్లోకి లేపకుండా డీ మీద ఆగనివ్వు. మొదటి వారం చేయి చాలా చిరాగ్గా ఉంటుంది, మణికట్టు మరీ వంగకుండా చూసుకో, నొప్పి వస్తే ఆపేసెయ్.

ఆర్కెస్ట్రా_విశాఖ:
పైన అన్న చెప్పింది కుడి చేతి సంగతి. లావు తీగలు కుడి చేతి పూచీ, సన్న తీగలు ఎడమ చేతి పూచీ అని పెట్టుకోండి (పై తీగ, కింద తీగ అంటే సగం మంది తికమక పడతారు, అందుకే ఇలా అంటున్నాను). ఎడమ చూపుడు వేలిని మరీ నిటారుగా నిలబెట్టకుండా కొంచెం పరిస్తే, ఏ (A) మీద వాయిస్తున్నప్పుడు డీ, జీ రెండూ దాని కిందే మెత్తగా ఆగుతాయి.

నోటు ఆపేటప్పుడు చాలామంది వేలు టక్కున పైకి లాగేస్తారు. అప్పుడు వేలు తీగని కొంచెం మీటినట్టవుతుంది, ఓపెన్ తీగ మోగుతుంది. ముందు ఒత్తిడి వదలండి, వేలు మాత్రం తీగకి తగిలే ఉండాలి, శబ్దం చచ్చాక తీయండి. 5, 7, 12 ఫ్రెట్ల దగ్గర ఒక్క వేలు ఆనిస్తే హార్మోనిక్ (సన్నటి పై స్వరం) గంటలా పలుకుతుంది, కాబట్టి అక్కడ రెండు మూడు వేళ్లు కలిపి ఆనించాలి. నాకు ఇది తెలియడానికి చాలా కాలం పట్టింది, పెళ్లి ప్రోగ్రాముల రికార్డింగులు విన్నాకే దొరికింది.

నాయిస్ గేట్ మీద నాకు నమ్మకం లేదు. పాట నడుస్తున్నంతసేపూ గేట్ తెరుచుకునే ఉంటుంది, కాబట్టి ఈ మోత నోట్లతో పాటే వెళ్లిపోతుంది. మిక్సర్‌లో మీ ఛానల్‌కి కంప్రెసర్ బాగా బిగించి ఉందేమో మాత్రం అడగండి, అది చిన్న శబ్దాలని పైకి లాగుతుంది.

ఫ్లాట్‌వౌండ్_ప్రేమికుడు:
స్పాంజిని అంత తేలిగ్గా తీసిపారేయకండి. పాత ఫెండర్ కంపెనీ ప్రెసిషన్ బేస్‌లకి బ్రిడ్జి మీది మూత లోపల ఫోమ్ ముక్క కంపెనీ నుంచే వచ్చేది. అమెరికా రికార్డు కంపెనీ మోటౌన్‌లో బేసిస్ట్ జేమ్స్ జేమర్సన్ ఆ ఫోమ్ తీయకుండానే, ఫ్లాట్‌వౌండ్ (పైన నున్నగా ఉండే) తీగలతో, ఎక్కువగా ఒక్క చూపుడు వేలితోనే వాయించాడు. ఆ గుండ్రటి, పొట్టి నోటు నాకు ప్రాణం.

లోఎండ్:
నాకూ ఇష్టమే, కానీ ఆరాధన పాటల్లో ఒక్కో నోటు నాలుగు బీట్లూ నిలబడాలి, ఫోమ్ పెడితే ముందే చచ్చిపోతుంది. నట్ (మెడ చివర తలవైపు తీగలు ఆనే చోటు) దగ్గర జుట్టు రబ్బరు బ్యాండ్ చుట్టడం ఇంకొంచెం నయం, నొక్కిన నోటు జోలికి పోదు. కాకపోతే ఓపెన్ తీగ వాయిస్తే అది కూడా మొద్దుబారుతుంది. రికార్డింగ్‌కి పెట్టుకోవచ్చు, ప్రాక్టీస్‌లో మాత్రం తీసెయ్, లేకపోతే చేతికి అలవాటు కాదు. ఫ్లాట్‌వౌండ్ వేస్తే వేలు జారేటప్పుడు వచ్చే కీచు తగ్గుతుంది, నీ సమస్య అది కాదు.

గోదావరి_బేస్:
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. మెట్రోనోమ్ 50 మీద పెట్టి, ఒక బీట్ నోటు, ఒక బీట్ పూర్తి నిశ్శబ్దం, ఇలా రోజూ ఇరవై నిమిషాలు చేశాను. హెడ్‌ఫోన్స్ పెట్టుకుని ఆ నిశ్శబ్దం బీట్‌నే విన్నాను. ఈ ఆదివారం ప్రార్థన ముందు బేస్ ఆపగానే హాలంతా నిజంగా ఆగిపోయింది, మిక్సర్ దగ్గర అన్న చేయెత్తి చూపించాడు. మీ ముగ్గురికీ చాలా థాంక్స్. జీ తీగ నుంచి ఒక్కసారిగా బీ మీదకి దూకినప్పుడు మాత్రం జీ ఇంకా కొంచెం మోగుతోంది.

ఆర్కెస్ట్రా_విశాఖ:
అది ఎడమ చేతి పని. బీ నొక్కే వేలు కాకుండా మిగతా వేళ్లని సన్న తీగల మీద పరిచి ఉంచండి, 40 టెంపోలో ఆ ఒక్క దూకుడే పదే పదే చేయండి.