అప్‌డేట్: పక్కింటి ఫ్రెంచ్ పిల్లాడు, ఇంగ్లిష్ క్రియలు

పోయిన నెల అడిగాను, గుర్తుందా? మేముండేది ఫ్రాన్స్‌లోని తులూజ్‌లో. పక్కింటి 12 ఏళ్ల పిల్లాడు ఇంగ్లిష్ ఇర్రెగ్యులర్ వెర్బ్స్ (భూతకాలంలో మామూలు '-ed' నియమానికి లొంగని క్రియలు) జాబితా బట్టీ పట్టలేక ఏడుపు మొహం పెడుతున్నాడు, ఏం చేయాలని. ఒకే తీరువి ఒకచోట చేర్చమన్నారు. పనిచేసింది, కానీ నేననుకున్నంత సాఫీగా కాదు.

కట్, పుట్, హిట్, షట్ లాంటి మారనివి పది నిమిషాల్లో అయిపోయాయి. తర్వాత డ్రింక్, డ్ర్యాంక్, డ్రంక్. రాయమంటే బాగానే రాశాడు, పలికితే మాత్రం రెండోదీ మూడోదీ ఒకటే! ఫ్రెంచ్‌లో ఆ రెండు అచ్చుల తేడా లేదు. మన చెవికి తేలిగ్గా తెలుస్తుంది కాబట్టి నాకు ముందు తట్టలేదు. పైగా అదే ఊపులో బ్రింగ్‌కి 'బ్ర్యాంగ్' అనేశాడు. అది 'బ్రాట్' కదా, అందుకే దాన్ని పీకి బాట్, థాట్, కాట్‌ల పక్కన పెట్టాం. (థాట్‌ని 'సాట్' అంటాడు, అది వేరే కథ.)

అసలు దారి చూపింది వాడి భాషే. ఫ్రెంచ్‌లో ప్రాంద్ర్ (తీసుకోవడం)కి భూతకాల రూపం 'ప్రి' కాబట్టి, దాన్నుంచి వచ్చిన అప్రాంద్ర్ (నేర్చుకోవడం)కి 'అప్రి', కొంప్రాంద్ర్ (అర్థం చేసుకోవడం)కి 'కొంప్రి' అని వాడికి ఎవరూ నేర్పక్కర్లేదు. "స్టాండ్‌కి స్టుడ్ అయితే, అండర్‌స్టాండ్‌కి?" అన్నాను. టక్కున "అండర్‌స్టుడ్" అన్నాడు. వాళ్లమ్మ వంటింట్లోంచి తొంగి చూసింది.

ఇంకో తలనొప్పి మిగిలింది. "ఐ సా హిమ్ యెస్టర్‌డే" అనాల్సిన చోట "ఐ హావ్ సీన్ హిమ్ యెస్టర్‌డే" అంటాడు. ఫ్రెంచ్‌లో నిన్నటి సంగతికి కూడా అదే పద్ధతి మరి. దీనికి గుంపులు పనికిరావు. ఎవరి దగ్గరైనా చిట్కా ఉంటే చెప్పండి.