వరద వీడియో నుంచి అచ్చు వార్త దాకా: నెల్లూరు, ప్రకాశం సభ్యుల అనుభవాలు

కోవూరు వాసి:
2021 నవంబరులో సోమశిల జలాశయం నుంచి ఐదు లక్షల క్యూసెక్కులకు పైగా నీరు వదలగా పెన్నా మా మండలాన్ని ముంచెత్తి, పడుగుపాడు దగ్గర రైలు పట్టాల మీదికి కూడా వచ్చిన సంగతి చాలామందికి గుర్తుండే ఉంటుంది. ఆ రాత్రి ఏ వీధిలో మోకాటిలోతు నీరుందో, ఎవరి మిద్దె మీద ఎంతమంది తలదాచుకున్నారో మాకు పొరుగువారు ఫోన్లలో తీసి వాట్సాప్ గ్రూపుల్లో పెట్టిన వీడియోల ద్వారానే తెలిసింది. అయితే ఎక్కడివో పాత వీడియోలు కూడా అవే గ్రూపుల్లో మా ఊరి పేరుతో తిరిగాయి. పౌరులు తీసిన దృశ్యాలు ఎలా పత్రికలకెక్కుతున్నాయో, ఎక్కడ ఆగిపోతున్నాయో అనుభవమున్నవారు చెప్పగలరా?

కందుకూరు మాజీ విలేకరి:
పౌరుడు వేరు, వృత్తి పాత్రికేయుడు వేరు అన్న విభజన మండల స్థాయిలో నిలవదండీ. మండల విలేకరుల్లో చాలామందికి నెల జీతం ఉండదు. అచ్చయిన వార్తలను కొలిచి ఇచ్చే డబ్బు, అంటే లైన్ అకౌంటు, బండి పెట్రోలుకు కూడా చాలదు. అందుకే ఒకరు బీమా ఏజెంటుగానో, మరొకరు ప్రైవేటు బడి పంతులుగానో ఉంటారు. పండుగలకూ, నాయకుల పుట్టినరోజులకూ ప్రకటనలు తేవలసిన బాధ్యత కూడా వారిదే. నిన్న ప్రకటన ఇచ్చిన పెద్దమనిషి ఇసుక ట్రాక్టర్ల గురించి ఇవాళ రాయాలంటే చెయ్యి ఆడదు. ఆ మొహమాటం లేని పౌరుడు వీడియో పెట్టేస్తే, 'సోషల్ మీడియాలో వైరల్' అన్న సాకుతో విలేకరి వార్త రాయగలుగుతాడు. చెప్పడానికి సిగ్గుగా ఉన్నా, మండలాల్లో ఈ ఇద్దరి సంబంధం చాలావరకు ఇదే. పౌరుడికి లేనిదల్లా వచ్చిన వార్తను సరిచూసే పత్రికాఫీసు డెస్కు. "అధికారి వివరణ ఏదీ?" అని సబ్ ఎడిటర్ అడిగే ఒక్క ప్రశ్నకు ఎన్నో వార్తలు అక్కడే ఆగిపోతాయి, ఆగవలసినవే ఆగుతాయి.

మద్దిపాడు రైతు:
ఆ ప్రశ్న మనమే ముందుగా వేసుకోవచ్చు. మల్లవరం దగ్గర గుండ్లకమ్మ జలాశయం గేటు 2022లో ఒకటి, 2023 డిసెంబరులో మిచౌంగ్ తుపాను వర్షాల వేళ మరొకటి కొట్టుకుపోయాయి. నీరు వృథాగా పోవడం ఫోన్‌లో కనిపిస్తుంది గాని, మరమ్మతులకు ఎంత మంజూరైందో, ఎంత ఖర్చు చేశారో కనిపించదు. దానికి సమాచార హక్కు చట్టం ఉంది: మన రాష్ట్రంలో గ్రామ స్థాయి దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10, జవాబుకు గడువు 30 రోజులు. వీడియోతో పాటు ఆ కాగితం కూడా చేతికిస్తే విలేకరికి సగం భయం తీరుతుంది.

కనిగిరి ఉపాధ్యాయిని:
మా వైపు సమస్య ఫ్లోరైడ్. అది ఏ కెమెరాకూ చిక్కదు. మా ఊరి యువకులు బోరు నీటిని పరీక్ష చేయిస్తే లీటరుకు 1.5 మిల్లీగ్రాముల పరిమితి దాటినట్టు నివేదిక వచ్చింది. ఒక పత్రిక దాన్ని బాగానే వేసింది కాని, శ్రమపడిన పిల్లలను 'స్థానికులు తెలిపారు' అన్న మాటతో సరిపెట్టింది. ఆ తరువాత వాళ్లు ఏ పత్రికకూ ఏమీ పంపలేదు.

కలిగిరి పాఠకుడు:
అమ్మా, మీ బాధ న్యాయమైనదే. మా దూబగుంటలో 1990ల మొదట్లో అక్షరాస్యత తరగతులకు వెళ్లిన ఆడవారు సారా అమ్మకాన్ని అడ్డుకున్నది ఏ విలేకరో పురమాయిస్తే కాదు. అయినా పత్రికలు, ముఖ్యంగా ఈనాడు, రోజూ చోటు ఇవ్వబట్టే ఆ కదలిక ఇతర జిల్లాలకు పాకింది. 1993లో రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. ఆ ఉద్యమంలో ముందు నిలిచిన రోశమ్మ గారి పేరు అందరికీ తెలిసింది పత్రికల వల్లే. ఆమెతో నడిచిన మిగతా ఆడవారి పేర్లు మరుగున పడిందీ పత్రికల వల్లే.

కందుకూరు మాజీ విలేకరి:
ఉపాధ్యాయిని గారూ, ఎవరి పేరు వేయాలో పంపేటప్పుడే రాసి ఇవ్వండి. అడిగితే వేసేవారు ఉన్నారు. వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫొటోకు తీసిన సమయం, చోటు వివరాలు పోతాయి కనుక డాక్యుమెంటుగా పంపండి, అసలు ఫైలు చెరపవద్దు. మనుషుల పేర్లతో ఆరోపణలు ఉంటే మాత్రం సొంతంగా పెట్టేముందు ఆలోచించండి. పరువు నష్టానికి సంబంధించిన భారతీయ న్యాయ సంహిత 356వ సెక్షను పౌరుడికీ వర్తిస్తుంది. పత్రికకైతే వకీలు ఉంటాడు.

కోవూరు వాసి:
సంతోషమండీ. పెన్నా పొర్లుకట్టకు పడిన గండ్ల ఫొటోలు నా దగ్గర ఉన్నాయి. ముందు దరఖాస్తు పెట్టి, జవాబు వచ్చాక రెండూ కలిపి ఇద్దరు విలేకరులకు ఒకేసారి ఇస్తాను. ఒకరికి ప్రకటనల మొహమాటం ఉన్నా రెండోవారికి ఉండకపోవచ్చు.