మేరీల్యాండ్ పుట్టుకలో కాల్వర్ట్ కుటుంబానికి ఇంత పేరు దక్కాలా?

సుజాత_బాల్టిమోర్
మార్చి 25 మాకిక్కడ అమెరికాలోని మేరీల్యాండ్ రాష్ట్రంలో మేరీల్యాండ్ డే. మా పాప స్కూలు ప్రాజెక్టు కోసం రాష్ట్రం ఎలా పుట్టిందో చదువుతున్నాను. 1634లో ఆ రోజున ఆర్క్, డవ్ అనే రెండు ఓడల్లో వచ్చినవాళ్లు సెయింట్ క్లెమెంట్స్ దీవిలో దిగి పూజ చేసుకున్నారు. ఇంగ్లండ్‌లో క్యాథలిక్కులు దాక్కుని పూజలు చేసుకునే రోజులవి. జార్జ్ కాల్వర్ట్ రాజు దగ్గర సెక్రటరీ ఆఫ్ స్టేట్‌గా ఉండి, 1625లో నేను క్యాథలిక్కునని బయటపడి పదవి వదిలేశాడు. ఆయన, ఆయన కొడుకులు పూనుకోకపోతే ఈ రాష్ట్రం లేదని నా నమ్మకం. మీరేమంటారు?

గోదావరిగట్టు
సుజాత గారూ, స్థాపకుడు అని ఎవరిని అంటున్నారో ముందు తేల్చండి. జార్జ్ 1632 ఏప్రిల్‌లో పోయాడు. చార్టర్ మీద, అంటే కాలనీ పెట్టుకోమని రాజు ఇచ్చిన పత్రం మీద, ముద్ర పడింది జూన్ 20న, కొడుకు సెసిల్ పేరు మీద. ఆ సెసిల్ 1675లో చనిపోయేదాకా ఆ కాలనీకి యజమానే, కానీ ఒక్కసారి కూడా అక్కడ అడుగు పెట్టలేదు. తమ్ముడు లెనార్డ్‌ను గవర్నరుగా పంపి తను ఇంగ్లండ్‌లో ఉండిపోయాడు. నేల చూడని మనిషి స్థాపకుడు ఎలా అవుతాడండీ?

నెల్లూరు_వాసి
లెనార్డ్‌నే అనాలి అయితే.

పాతపటాలు
జార్జ్‌ను అంత తేలిగ్గా పక్కన పెట్టకండి. ఆయన ముందు న్యూఫౌండ్‌లాండ్‌లో ఫెర్రీల్యాండ్ దగ్గర అవలాన్ అని ఒక కాలనీ పెట్టాడు. 1628లో కుటుంబాన్ని తీసుకుని వెళ్లి అక్కడి చలికాలం స్వయంగా అనుభవించాడు. జబ్బులు, చావులు చూసి, ఇక్కడ బతకలేమని వెచ్చటి చోటు వెతుక్కుంటూ 1629లో వర్జీనియా వెళ్తే, మతానికి కూడా రాజే పెద్ద అని ప్రమాణం చెయ్యమన్నారు. చెయ్యను అన్నాడు. మేరీల్యాండ్ ఆలోచన ఆ దెబ్బల్లోంచి వచ్చిందే. చార్టర్ కూడా మామూలుది కాదు. ఇంగ్లండ్‌లో తన ప్రాంతాన్ని దాదాపు రాజులా ఏలిన డర్హమ్ బిషప్‌కు ఉన్నంత అధికారం ఇచ్చారు, బదులుగా ఏటా రెండు బాణాలు విండ్సర్ కోటలో అప్పగించాలి, బంగారం, వెండి దొరికితే ఐదో వంతు రాజుది.

గోదావరిగట్టు
రెండు బాణాలకు ఒక దేశమంత నేల! మీరు చెప్పినదాంతోనే నా మాట నిలబడింది. మా తాత జమీందారీ రైతు. జమీందారు మద్రాసులో ఉండేవాడు, ఊరికి వచ్చింది లేదు, పంట పోయిన ఏడు కూడా శిస్తు ఆగలేదు, మా నాయనమ్మ నగలు అలాగే పోయాయి. 1948లో చట్టం వచ్చేదాకా అదే బతుకు. సెసిల్ కాల్వర్ట్‌కు కూడా ఏటా భూమి శిస్తు వెళ్లింది. ఎవరినైనా గుర్తుపెట్టుకోవాలంటే అక్కడ చెట్లు కొట్టి పొగాకు వేసినవాళ్లను గుర్తుపెట్టుకోవాలి.

సుజాత_బాల్టిమోర్
మీ తాతగారి బాధ నిజమే, కాదనను. కానీ సెసిల్ ఊరికే కూర్చోలేదు, వర్జీనియా వాళ్లు చార్టర్ రద్దు చేయించాలని లండన్‌లో తిరుగుతుంటే దాన్ని కాచుకున్నాడు. పైగా క్రైస్తవుల్లో ఎవరినీ మతం పేరుతో వేధించకూడదన్న 1649 మత చట్టం ఆయన పట్టుదల. వర్జీనియా తరిమేసిన ప్యూరిటన్లను, అంటే కఠిన ప్రొటెస్టెంట్లను కూడా రానిచ్చారు. వాళ్లే 1654లో అధికారం లాక్కుని ఆ చట్టం ఎత్తేశారు.

గోదావరిగట్టు
ఆ చట్టం మొత్తం చదివారా? త్రిత్వాన్ని, అంటే తండ్రి, కుమారుడు, పరిశుద్ధాత్మ ఒకే దేవుడన్నదాన్ని కాదన్నవాడికి మరణశిక్ష అని అందులోనే ఉంది. యూదు వైద్యుడు జేకబ్ లంబ్రోజోను 1658లో దాని కిందే పట్టుకున్నారు. క్రైస్తవులకు క్రైస్తవులు ఇచ్చుకున్న వెసులుబాటు అది, దానికి స్వేచ్ఛ అని పేరు పెట్టకండి.

రాజు_ఆర్
లంబ్రోజోను తర్వాత వదిలేశారు కదా.

గోదావరిగట్టు
వదిలేస్తే సరిపోతుందా? పట్టుకున్నదెందుకు?

సుజాత_బాల్టిమోర్
ఇక చెప్పక తప్పడం లేదు. మాది క్రైస్తవ కుటుంబం. పెళ్లైన కొత్తలో సిటీలో అద్దె ఇల్లు మాట్లాడుకున్నాం, అడ్వాన్సు కూడా ఇచ్చాం. సామాను దించుతుంటే ఓనరు గోడకు పెట్టబోతున్న సిలువ చూసి డబ్బు తిరిగిచ్చి వెళ్లిపొమ్మన్నాడు. ఆటోలో సామానుతో రాత్రి తొమ్మిది దాకా తిరిగాం. చివరికి ఒకాయన ఇల్లిచ్చాడు. ఆయనకు అద్దె కావాలి, అంతే. ఆ రాత్రి ఆయన ఉద్దేశం ఏమిటని నేను అడగలేదు. మీకు ఎప్పుడైనా తలుపు వేశారా?

గోదావరిగట్టు
అంత మాట ఎందుకండీ? నాకు తలుపు వెయ్యలేదు. మా తాతను మాత్రం పొలంలోంచి వెళ్లగొట్టారు. నేను మొదటి నుంచీ అంటున్నది ఇదే, సరిగ్గా చెప్పలేకపోయాను. యజమాని ఇచ్చింది యజమాని చేతిలోనే ఉంటుంది. 1689లో ప్రొటెస్టెంట్లు తిరగబడ్డారు, కాలనీ రాజు చేతికి పోయింది. 1715లో కాల్వర్ట్‌లకు తిరిగి వచ్చింది, ఎందుకు? వాళ్లు ఇంగ్లండ్ రాజు మతమైన ఆంగ్లికన్ మతంలోకి మారారు కాబట్టి. 1718లో క్యాథలిక్కులకు ఓటు తీసేశారు, అప్పుడు యజమానులు ఆ కాల్వర్ట్‌లే. మీకు ఇల్లిచ్చిన ఆయన కొడుకు రేపు ఖాళీ చెయ్యమంటే?

సుజాత_బాల్టిమోర్
అంటే ఖాళీ చేస్తాం. కానీ అంతవరకు పిల్లలు ఒక కప్పు కింద పెరుగుతారు. మీకది చిన్న విషయంలా ఉంది, నాకు కాదు.

పాతపటాలు
ఇద్దరూ ఇల్లు ఎవరిదన్న సంగతి వదిలేశారు. వచ్చినవాళ్లు తమ మొదటి ఊరు సెయింట్ మేరీస్ కట్టిన చోటు అక్కడి ఆదివాసులైన యవోకోమికో ప్రజల ఊరు. బట్టలు, గొడ్డళ్లు, పారలు ఇచ్చి తీసుకున్నారు. 1664కు వచ్చేసరికి నల్లజాతి బానిసలు జీవితాంతం బానిసలే అని ఆ కాలనీలోనే చట్టం చేశారు. తలుపు తెరిచింది ఎవరికి, వేసింది ఎవరికి అన్నది కూడా చూడాలి.

నెల్లూరు_వాసి
ఇది బడి పుస్తకాల్లో ముందు ఉండాలి.

సుజాత_బాల్టిమోర్
పాతపటాలు గారూ, గొడ్డళ్లు, పారల సంగతి, 1664 చట్టం రెండూ ప్రాజెక్టులో రాయిస్తాను. 1649 మాత్రం తీసెయ్యను.

గోదావరిగట్టు
తియ్యమని నేను అనలేదమ్మా. దాని పక్కన 1718 కూడా పెట్టించండి.