పాంగాంగ్ నుంచి సో మోరిరికి చుషుల్ దారిలో వెళ్లొచ్చా?

సెప్టెంబర్‌లో లేహ్ నుంచి కారులో పాంగాంగ్, సో మోరిరి సరస్సులు చూసి రావాలనుకుంటున్నాం. నడిపేది నేనే. పాంగాంగ్ నుంచి వెనక్కి లేహ్ రాకుండా మెరాక్, చుషుల్, న్యోమా మీదుగా వెళ్తే చాంగ్ లా కనుమ మళ్లీ ఎక్కే పని తప్పుతుంది. ఈ మధ్య అటు వెళ్లినవాళ్లున్నారా? మెరాక్ దాటాక మామూలు కారు అడుగుకి రాళ్లు తగులుతాయా?

అసలు టెన్షన్ వెంట వచ్చే అమ్మ గురించే. లేహ్ ఎత్తు దాదాపు 3,500 మీటర్లు, సో మోరిరి సుమారు 4,500. లేహ్‌లో రెండు రాత్రులు ఆగితే ఒళ్లు అలవాటుపడుతుందా, ఇంకో రోజు ఉండాలా? సో మోరిరి ఒడ్డున ఉన్న కోర్జోక్ ఊళ్లో రాత్రి పడుకోవడం పెద్దవాళ్లకు కష్టమా?

పెట్రోల్ సంగతీ చెప్పండి. క్యాన్లలో మోసుకెళ్లడం నాకైతే ఇష్టం లేదు.