బూట్ సమయంలో ఎండెవ్ రూల్‌కు డెవ్‌పాత్ ఖాళీగా వస్తోంది: పోర్టును బట్టి పేరు నిలపడం ఎలా?

అందరికీ నమస్కారం. చిత్తూరు దగ్గర మామిడి గుజ్జు ఫ్యాక్టరీలో తోతాపురి లారీలు తూచే కాటాకు ఒక రాస్ప్‌బెర్రీ పై ఉంది. అందులో బిల్డ్‌రూట్ అనే సాధనంతో కట్టిన చిన్న లినక్స్. సిస్టమ్‌డీ, యూడెవ్ లేవు, పరికరం తగిలినప్పుడు దాని డివైస్ ఫైల్ చేసేది బిజీబాక్స్ (చిన్న లినక్స్ టూల్స్ కట్ట)లోని ఎండెవ్ మాత్రమే. రెండు సీహెచ్340 యూఎస్‌బీ సీరియల్ కేబుళ్లు: ఒకటి కాటా ఇండికేటర్‌కు (9600 బాడ్), రెండోది లేబుల్ ప్రింటర్‌కు. రెండింటి వెండర్, ప్రోడక్ట్ నంబర్లు ఒకటే, సీరియల్ నంబర్ లేదు. అందుకే కరెంటు పోయి వచ్చినప్పుడు టీటీవై‌యూఎస్‌బీ0, 1 అనే డివైస్ పేర్లు తారుమారై, బరువు చదవాల్సిన ప్రోగ్రామ్ ప్రింటర్‌తో మాట్లాడుతోంది. సీజన్‌లో లారీలు బారులు తీరి ఉంటాయి, ఇది ఆగకూడదు.

ఎండెవ్.కాన్ఫ్‌లో @ గుర్తుతో (డివైస్ ఫైల్ తయారయ్యాక నడిచేలా) ఒక స్క్రిప్ట్ పెట్టాం. అది డెవ్‌పాత్ (పరికరం ఏ పోర్టుకు ఉందో చూపే దారి ఉండే వేరియబుల్)లోని పోర్టు సంఖ్య (1-1.2, 1-1.3) చూసి 'కాటా', 'ప్రింటర్' లింకులు చేస్తుంది. కేబుల్ పీకి పెడితే చక్కగా పనిచేస్తోంది. బూట్‌లో మాత్రం ఎక్కువసార్లు లింకు రాదు. డ్రైవర్ కెర్నల్‌లోనే ఉంది కాబట్టి, బూట్ స్క్రిప్ట్ ఆర్‌సీఎస్‌లో 'ఎండెవ్ -ఎస్' (అప్పటికే ఉన్న పరికరాలను స్కాన్ చేసేది) నడిచేసరికే పరికరాలు సిద్ధం. ఆ స్కాన్‌లో ఎండెవ్ అనే పేరే ఉన్న వేరియబుల్‌లో పరికరం పేరు వస్తోంది గానీ డెవ్‌పాత్ ఖాళీ.

రెండు దారులు కనిపిస్తున్నాయి. స్క్రిప్ట్‌లోనే సిస్‌ఎఫ్‌ఎస్ (కెర్నల్ పరికరాల వివరాలు చూపే /sys)లో క్లాస్ టీటీవై కింద ఆ పేరున్న డైరెక్టరీలోని 'డివైస్' లింకును రీడ్‌లింక్ -ఎఫ్‌తో విప్పి పోర్టు తీయడం. లేదా స్కాన్ అయ్యాక ఆ పరికరపు యూఈవెంట్ ఫైల్‌లో 'యాడ్' అని రాసి ఈవెంట్ మళ్లీ రప్పించడం. మొదటిదే నమ్మకంగా అనిపిస్తోంది. పరికరం స్కాన్ తర్వాత ఆలస్యంగా వచ్చినా అదే స్క్రిప్ట్ సరిపోతుందా? కాటా ప్రోగ్రామ్ లింకు కోసం ఎలా ఆగాలి: స్లీప్ లూపా, ఇనిట్‌ట్యాబ్‌లో రెస్పాన్‌గా (ఆగిపోతే మళ్లీ మొదలయ్యేలా) పెట్టడమా? ఇలా నడిపినవాళ్లు చెప్పగలరు.