క్యూబ్ రీడింగ్ టన్నుల్లో ఉంది, కిలో న్యూటన్ లోకి మార్చాలంటే 10 తోనా 9.81 తోనా?

గుణుపూర్_సైట్:
అందరికీ నమస్తే. మాది గుణుపూర్ దగ్గర కల్వర్టు పని, డిప్లొమా అయ్యాక చేరి ఆర్నెల్లయింది. మేం కాంక్రీటు క్యూబ్ లు (బలం చూడ్డానికి పోసిన ఘనం దిమ్మలు) పగలగొట్టించడానికి పట్టుకెళ్ళే చోట పాత మెషిన్ ఉంది, డయల్ మీద టన్నులే ఉంటాయి, రిపోర్ట్ లో మాత్రం చదరపు ఎంఎం కి ఎన్ని న్యూటన్లో రాయాలి. ఎం20 క్యూబ్ (చదరపు ఎంఎం కి 20 న్యూటన్లు తట్టుకోవాల్సిన కాంక్రీటు), పోసి 28 రోజులైంది, 45.5 టన్నుల దగ్గర పగిలింది. మా సీనియర్ గారు పదితో గుణించీ సరిపోతాది అన్నారు, అలగ చేస్తే 20.2 వచ్చింది, పాస్. ఇంటికొచ్చి 9.81 తో చేస్తే 19.8 వస్తంది. ఏది రాయాలి? పైగా మా మేస్త్రి దీన్ని రెండొందల కాంక్రీటు అంటాడు, అదేటో కూడా తెలీలేదు.

పర్లాకిమిడి_మాస్టారు:
9.81 తోనే రాయి బాబూ. కేజీ బరువంటే భూమి ఆ కేజీని లాగే బలం, దానికి 9.80665 న్యూటన్లు అని 1901 లోనే ఖాయం చేశారు. కాబట్టి ఒక టన్నుకి 9.80665 కిలో న్యూటన్లు. నీ 45.5 టన్నులు 446.2 కిలో న్యూటన్లు అవుతాయి, క్యూబ్ ముఖం 150 ఎంఎం ని 150 తో గుణిస్తే 22,500 చదరపు ఎంఎం, దాంతో భాగిస్తే 19.83. పది వాడితే రెండు శాతం ఎక్కువ చూపిస్తాది. స్లాబ్ మీద పడే బరువు లెక్కేసినప్పుడు అలగ ఎక్కువ చూపిస్తే పర్లేదు, మనం ఇంకాస్త గట్టిగా కడతాం. కాంక్రీటు బలం లెక్కేసినప్పుడు అదే పది లేని బలాన్ని ఉన్నట్టు రాసేస్తాది. కల్వర్టు మీద రేపు జనం నడుస్తారు కదా, ఇక్కడ పది వద్దు.

రాయగడ_ల్యాబ్:
మాస్టారు చెప్పింది కరెక్ట్. ఎం20 కి 450 కిలో న్యూటన్లు రావాలి, అంటే 45.9 టన్నులు, ఈ అంకె మెషిన్ పక్కన గోడ మీద రాసి పెట్టుకో, ముల్లు చూడగానే తెలిసిపోతాది. కానీ ఒక్క క్యూబ్ తో కంగారు పడకు, మూడింటి సగటే చూస్తారు, ఏదీ ఆ సగటుకి 15 శాతం మించి అటూ ఇటూ పోకూడదు. మిగతా రెండూ ఎంతకి పగిలాయి? మేస్త్రి మాట కూడా తప్పు కాదు, 1964 నాటి కోడ్ (కాంక్రీటు పనికి దేశమంతా పాటించే నియమాలు) లో గ్రేడ్ లు చదరపు సెంటీమీటరుకి కేజీల్లో ఉండేవి, ఎం200 అనేవారు, 1978 దాంట్లో న్యూటన్లు వచ్చి ఎం20 అయింది. 200 కేజీలంటే 19.6, దగ్గర దగ్గర అదే.

బరంపురం_పాలిటెక్నిక్:
మాకు పరీక్షలో డైన్లు కూడా అడుగుతున్నారండీ, అవి ఎలగ?

పర్లాకిమిడి_మాస్టారు:
న్యూటన్ కి లక్ష డైన్లమ్మా. గ్రాము బరువుకి 980.665 డైన్లు. ఇంట్లో వంద గ్రాముల టీపొడి పాకెట్ అరచేతిలో పెట్టుకో, ఆ బరువే ఇంచుమించు ఒక న్యూటన్.

గుణుపూర్_సైట్:
మిగతావి 47, 48.5 టన్నులు సార్. 20.49, 21.14 వచ్చాయి, మూడింటి సగటు 20.49. మొదటి దాన్ని 19.83 అనే రాశాను, సీనియర్ గారికి లెక్క చూపిస్తే సరే అని సంతకం పెట్టారు.