అప్‌డేట్: చలికాలం వాకింగ్‌లో దగ్గు, ఛాతీ పట్టేయడం

డిసెంబర్‌లో అడిగాను కదా, కావలిలో తెల్లవారుజామున ఐదింటికి గ్రౌండ్‌లో నడుస్తుంటే పదో నిమిషానికల్లా ఛాతీ బిగుసుకుపోయి దగ్గు వస్తోందని. సమస్య తేలింది. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్. "ఊపిరి పరీక్ష చేయించండి" అన్న అక్కకి మరీ మరీ.

నెల్లూరులో ఛాతీ డాక్టర్‌కి చూపించుకున్నాను. గొట్టంలోకి గట్టిగా ఊదించే స్పైరోమెట్రీ చేశారు. మందు పీల్పించి మళ్లీ ఊదిస్తే రీడింగ్ బాగా పెరిగింది. ఆస్తమానే అన్నారు. నడకలో నోటితో ఊపిరి తీస్తే చల్లగాలి, పొడిగాలి నేరుగా లోపలికెళ్లి ఊపిరి గొట్టాలు ముడుచుకుంటాయట.

రోజూ వాడే ఇన్‌హేలర్ ఒకటి, నడకకి పావుగంట ముందు పీల్చేది ఇంకొకటి ఇచ్చారు. డాక్టర్‌ని అడగకుండా మీరు కొనేయకండి. ఇప్పుడు ఎండ వచ్చాక ఏడున్నరకి బయల్దేరుతున్నాను. ముక్కూ నోరూ కప్పేలా కాటన్ తువ్వాలు చుట్టుకుని, మొదటి పది నిమిషాలు మెల్లగా నడుస్తాను.

రాత్రిళ్లు వచ్చే దగ్గుకి ఇంట్లో అసలు దోషి దోమల కాయిల్. చలికి కిటికీలన్నీ బిగించి మంచం కిందే వెలిగించేవాళ్లం, పొద్దునకి గదంతా పొగ వాసనే. దోమతెర కట్టాక రాత్రి దగ్గు తగ్గింది.

పెరుగు మానడం, తలకి నూనె మానడం నా విషయంలో ఏమీ తేడా చూపలేదు. ఈసీజీ, థైరాయిడ్ నార్మల్. సంక్రాంతికి భోగి మంటకి మాత్రం దూరంగానే నిలబడ్డాను. నిన్న నాలుగు కిలోమీటర్లు ఆగకుండా నడిచాను.